నలుగురు అభ్యర్థులు, ఒక్క పద్మజ

సింగపూర్ టాంపినీస్‌లో మా పై అంతస్తులో ఉండే శ్రావణి మొన్న ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి, "అంకుల్, యువర్ టైమ్ గాట్ ఈ-పోర్ట్‌ఫోలియో ఆర్ నాట్?" అని అడిగింది. చదువు పూర్తయ్యేలోపు తను చేసిన పనులన్నీ ఒక వెబ్ పేజీలో పేర్చుకోమని కాలేజీ వాళ్లు చెప్పారట. ఉద్యోగమిచ్చేవాళ్లు కాగితాలు చూడరు, పేజీ చూస్తారట.

"ఎందుకు లేదమ్మా, దాన్ని కనిపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని," అన్నాను.

ఇది అబద్ధమని మీకు తెలుసు, నాకూ తెలుసు, లోపల వంటింట్లో ఉన్న పద్మజకు మరీ బాగా తెలుసు. కానీ ఇక మీదట చెప్పేది నిజం. ఆ పోర్ట్‌ఫోలియో పుణ్యమా అని ఒకరోజు పట్టపగలు, తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో, నా ఒక్కగానొక్క భార్య నలుగురికి భార్య అయింది. ఆ నలుగురిలో అసలు మొగుణ్ని నేనేనని నిరూపించుకోవడానికి నేను పడ్డ పాట్లు కోర్టుకెళ్లిన వాళ్లు కూడా పడి ఉండరు. పైగా అక్కడికి నేను వెళ్లింది ఉద్యోగం కోసం.

అవి ఐటీ జోరుగా ఉన్న రోజులు. కంప్యూటర్ ముందు రెండు పూటలు కూర్చున్నవాడు నిపుణుడు, మూడు పూటలు కూర్చున్నవాడు ట్రైనర్. మా చీరాలలో కోర్సు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లు టీ బంకుల కంటే ఎక్కువ ఉండేవి. నేను ఒకదాంట్లో వెబ్ పేజీలు తయారు చేయడం నేర్చుకుని, సింగపూర్‌కి చుట్టపు చూపు పాసు మీద వచ్చి, సెరంగూన్‌లో ఒక ఫ్లాటులో దిగాను. పాసు గడువు ముగిసేలోపు ఉద్యోగం దొరికితే ఉంటాం. దొరక్కపోతే వెళతాం. వెళితే ఎక్కడికి? మా మామగారి ఎరువుల దుకాణానికి. "అల్లుడుగారూ, మీకేం తొందర లేదు, మీ స్టూలు ఖాళీగానే ఉంచాను," అని ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ అనేవారు. ఆ స్టూలు యూరియా బస్తాల పక్కన ఉంటుంది. ఒక గంట కూర్చుంటే భోజనంలో ఇంగువ వాసన కూడా తెలియదు. పెళ్లైన కొత్త. పద్మజ అక్కడ పుట్టింట్లో ఉంది. ఉద్యోగం వస్తే తను ఇక్కడికి, రాకపోతే నేను ఆ స్టూలు మీదికి. అదీ పరిస్థితి.

ఫ్లాటులో నాతో పాటు ముగ్గురు. సూర్యాపేట యాదగిరి, పెళ్లి కానివాడు. భీమవరం సత్తిబాబు, పెళ్లై ఇద్దరు పిల్లలున్నవాడు, నన్ను మొదటి రోజే "బావగారూ" అని, ఫోన్లో గొంతు వినడమే తప్ప చూడని పద్మజని "చెల్లెమ్మా" అని వరస కలిపేసినవాడు. కడప వైపు ఓబులేసు, అబద్ధం ఆడాలంటే వీపు దురదపెట్టేవాడు. ఈ దురద మాట అతను చెప్పిందే. నేను కల్పించలేదు.

నలుగురికీ కలిపి ఒక కోటు ఉండేది. నల్లది. దానికి తోడు ఒక ఎర్ర టై, ఒక గడియారం. గడియారం మా మామగారు నాకు పెళ్లిలో పెట్టింది, బంగారు రంగు గొలుసుతో. ఇంటర్వ్యూ ఎవరికి ఉంటే ఆ మూడూ వాళ్లకు. మిగిలిన రోజుల్లో కోటు వంటింటి తలుపు వెనక వేలాడుతూ పోపు వాసన పట్టుకునేది. ఆ కోటు ఎక్కిన ఆఫీసులు మాలో ఎవరూ ఎక్కలేదు. అనుభవం చూసి ఉద్యోగమిస్తే ఆ కోటుకే ముందివ్వాలి.

అందరూ రెజ్యూమేలు కాగితాల మీద అచ్చు వేసి, కవర్లలో పెట్టి, ఆఫీసుల వెంట తిరుగుతున్న రోజులవి. నా బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. కాగితం మీద "నాకు వెబ్ పేజీలు చేయడం వచ్చు" అని రాయడమెందుకు? ఆ మాటనే ఒక వెబ్ పేజీగా చేసి, దాని చిరునామా పంపితే సరిపోతుంది కదా? ఈత వచ్చని ఉత్తరం రాసేకన్నా ఏట్లో దూకి చూపించడం మేలు. ఆ రోజు ఏట్లో లోతు చూసుకోలేదు, అంతే తేడా.

ఉచితంగా చోటిచ్చే ఒక వెబ్‌సైట్‌లో నా పేజీ పెట్టాను. పైన నా పేరు, ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతూ. కింద నా చదువు. దాని కింద నేను చేసిన పనులు. ఒక హోటల్ మెనూ, ఒక స్కూలు టైంటేబుల్, మామగారి దుకాణానికి ఎరువుల ధరల పట్టిక. అన్నిటికన్నా అడుగున "నా కుటుంబం".

ఉద్యోగానికి కుటుంబం ఎందుకని మీరడగవచ్చు. ఇప్పుడు శ్రావణి కూడా అదే అడిగింది. అమ్మా, అప్పట్లో మాకు తెలిసిన బయోడేటా ఒక్కటే, పెళ్లి సంబంధానికి పంపేది. తండ్రి పేరు, ఊరు, అన్నదమ్ములు, ఒడ్డూ పొడుగూ. ఉద్యోగానికి వేరే బయోడేటా ఉంటుందని మాకెవరూ చెప్పలేదు. గోత్రం రాయనందుకు నన్ను నేను ఆధునికుడిగా భావించుకున్నాను. పైగా పెళ్లైనవాడు కుదురుగా ఉంటాడని కంపెనీలు నమ్ముతాయని నా సిద్ధాంతం. అందుకని పద్మజ ఫోటో పెట్టాను. చీరాల స్టూడియోలో, జలపాతం బొమ్మ తెర ముందు, పట్టుచీరతో. నిజానికి అది ఇద్దరి ఫోటో. కానీ అందులో నా కళ్లు మూసుకుపోయాయి. కెమెరా ముందు కళ్లు మూసుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని నన్ను నేను కత్తిరించేశాను. పద్మజ భుజం మీద నా చెయ్యి, ఆ చేతికి గడియారం మాత్రం మిగిలాయి. కింద "నా జీవిత భాగస్వామి, నా విజయానికి కారణం" అని ఇంగ్లీషులో రాశాను. విజయం ఇంకా రాలేదు. కారణం మాత్రం ముందే సిద్ధం.

పేజీ చూసి ముగ్గురూ మీద పడ్డారు.

"అన్నా, నాకు గూడ ఒకటి చెయ్యే," అన్నాడు యాదగిరి.

"బావగారూ, మాకూ ఒకటి చేసి పెట్టేద్దురూ. మీకు చెయ్యి తిరిగిపోయింది కదండీ," అన్నాడు సత్తిబాబు.

"నాకూ చెయ్యి సాంబన్నా. అయితే నాకు రానివి వచ్చని రాయొద్దు," అన్నాడు ఓబులేసు.

ముగ్గురికి మూడు పేజీలు చేతితో చేసే ఓపిక నాకు లేదు. బద్ధకస్తుడి బుర్ర బండ రాయిలోంచి కూడా దారి తీస్తుంది. ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. అందులో గడులుంటాయి. పేరు, చదువు, చేసిన పనులు, ఫోటోలు. గడులు నింపి మీట నొక్కితే పేజీ దానంతట అదే తయారవుతుంది. నమూనాగా నా పేజీనే పెట్టాను.

ఒక్కటే చిక్కు. ఎవరైనా ఏ గడైనా ఖాళీగా వదిలితే పేజీలో అక్కడ పన్ను ఊడినట్టు బోసిగా కనిపించేది. అది నాకు నచ్చలేదు. పంక్తిలో కూర్చున్నవాడి విస్తరి ఖాళీగా ఉంటే వడ్డించేవాడికి అవమానం కదా. అందుకని ప్రోగ్రామ్‌కి ఒక మాట చెప్పాను. గడి ఖాళీగా ఉంటే నమూనాలో ఉన్నది తెచ్చి వడ్డించమని. ఈ మర్యాద నాకు మా ఇంట్లో నేర్పారు. కంప్యూటర్‌కి నేను నేర్పాను. అది నాకన్నా శ్రద్ధగా పాటించింది.

మా వాళ్లు గడులు నింపారు. కుటుంబం ఫోటో దగ్గరికి వచ్చేసరికి యాదగిరి "నాకేడ కుటుంబం?" అని వదిలేశాడు. సత్తిబాబు "మా ఆవిడ ఫోటో ఊరంతా చూస్తే దిష్టి తగుల్తాదండీ" అని వదిలేశాడు. ఓబులేసు దగ్గర ఫోటో లేదు.

తర్వాత ఏమైందో మీకు అర్థమైపోయింది. మాకు కాలేదు. ఎందుకంటే అప్పట్లో ఇంటర్నెట్ టెలిఫోను తీగ లోంచి చుక్కచుక్కగా కారేది. పేజీ పైనుంచి కిందికి దిగడానికి పప్పు ఉడికేంత సేపు పట్టేది. పైన పేరు పరుగెత్తడం చూసి, చదువు వరకు చూసి, ఫోను బిల్లు గుర్తొచ్చి కనెక్షన్ తీసేశాం. అడుగున ఉన్న పద్మజ దాకా ఎవరమూ వెళ్లలేదు.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మాకు మాత్రం పేజీ తెరుచుకోగానే పండగ మొదలైంది. తంజోంగ్ పగార్‌లో కొత్తగా పెట్టిన ఒక ఇంటర్నెట్ కంపెనీకి నలుగురమూ చిరునామాలు పంపాం. నలుగురికీ పిలుపు వచ్చింది. ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరికి.

"నేను చెప్పలేదూ? కాగితానికి కాలం చెల్లింది," అన్నాను. మా మామగారి స్టూలు అప్పుడే గాల్లో కలిసిపోతున్నట్టు కనిపించింది.

ఆ రోజు ట్రైను దిగి, ఆ ఆఫీసు ఉన్న భవనం కింద తిండి దుకాణాల మధ్య ఒక బల్ల చూసుకున్నాం. ఇక్కడ బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ బల్ల మనదైపోతుంది. దాన్నే చోప్ చేయడం అంటారు. ఎంత పెద్దమనిషైనా ఆ ప్యాకెట్ చూసి తప్పుకుంటాడు. సత్తిబాబు ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేశాడు. పథకం సులువు. ఒకడు పైకి వెళ్లి రాగానే మెట్ల మలుపులో కోటు, టై, గడియారం విప్పి రెండోవాడికి ఇవ్వాలి. లిఫ్టు వద్దనుకున్నాం, అందులో అద్దం ఉంది, పరువు పోతుంది.

ముందు యాదగిరి వెళ్లాడు. తిరిగొచ్చి మెట్ల మీద కోటు విప్పుతూ, "అన్నా, ఒక ముచ్చట. నాకు పెండ్లయిందంట గదా?" అన్నాడు.

"ఎవరన్నారు?"

"లోపట మేడమే అడిగింది. మన హైదరాబాదామె, నస్రీన్ మేడమ్ అంట. తెలుగు మంచిగ మాట్లాడుతది. 'మీ భార్య ఇక్కడికొస్తదా' అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"నువ్వే ఏదో కావాలని రాసినవనుకున్న. పెండ్లయినోనికి నౌకరీ జల్ది వస్తదని నువ్వే అంటవు గదా. వస్తది మేడమ్, పాసు రాంగనే తోలుకొస్త అన్న."

ఖాళీ గడి, నమూనా, వడ్డన అన్నీ వరసగా గుర్తొచ్చాయి. "సత్తిబాబూ, ఆగవయ్యా," అని వెనక్కి తిరిగాను. సత్తిబాబు అప్పటికే కోటు తొడుక్కుని మెట్లెక్కుతున్నాడు. టై నా చేతిలో ఉండిపోయింది. మరో మెట్టు మీద నుంచి చెయ్యి చాపి అదీ లాక్కుపోయాడు.

సత్తిబాబు తిరిగొచ్చేసరికి ముఖం వడలిన తమలపాకులా ఉంది.

"బావగారూ, ఘోరం జరిగిపోయిందండి. ఆ మేడమ్ గారు కంప్యూటర్ నావైపు తిప్పి, ఈవిడ మీ భార్యేనా అని అడిగేరండి. చూద్దును కదా, చెల్లెమ్మ."

"కాదని చెప్పావా?"

"ఎలా చెప్తానండీ? కాదంటే ఎవరీవిడ, మీ పేజీలో ఎందుకుందీ అంటారు. మీ పరువు పోద్ది. చెల్లెమ్మ పరువు పోద్ది. అందుకని అవునండీ అనేసేను. పైగా 'ఇంతకు ముందే ఒకాయన ఈవిణ్ని తోలుకొస్తానన్నాడే' అన్నారావిడ. ఆయన మా మరిదండీ, స్టేషన్ నుంచి తీసుకొస్తాడని చెప్పేను."

"యాదగిరి నీకు మరిది ఎట్లా అవుతాడయ్యా?"

"అప్పటికి నోటికొచ్చిన వరస అదేనండి."

ఓబులేసు చేతులు కట్టుకుని ఇదంతా విన్నాడు. "కోటు ఈయండి. నేను పోయి నిజం చెప్తా," అన్నాడు. నేను వద్దనలేదు. ఎక్కడో ఒకచోట నిజం చెప్పకపోతే మా అందరి వరసలూ కలిసి కీకారణ్యం అయ్యేలా ఉన్నాయి.

ఓబులేసు తొందరగానే వచ్చేశాడు.

"చెప్పినావా?"

"చెప్పినా. ఆమె మా సాంబన్న పెండ్లాము, నాకు వదినమ్మ, తల్లిలాంటిది, ఫోటో ఎట్లొచ్చిందో నాకు తెలీదు అని చెప్పినా."

"ఏమన్నారు?"

"నమ్మల్యా. పక్కన చీనాయన ఉన్నాడు, లిమ్ అంట, ఓనరు. ఆయప్పకు ఆమె ఇంగ్లీషులో చెప్పి ఇద్దరూ నవ్విరి. నాకు భలే బాధైంది సాంబన్నా. నిజం చెప్పినా వీపు దురదపెట్టె."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఖాళీ గడికి మందేస్తే ఉన్న పెళ్లాం ఊడేలా ఉంది. ముగ్గురి చెమటతో తడిసిన కోటు నేను తొడుక్కున్నాను. అప్పటికి అది కోటులా లేదు, ఎవరో తడిగా కౌగిలించుకున్నట్టుంది.

ఆ ఆఫీసులో కుర్చీల బదులు రంగురంగుల పెద్ద దిండ్లు వేశారు. కొత్త కంపెనీల ఫ్యాషన్. నన్ను కూర్చోమన్నారు. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఎదురుగా మంచి కుర్చీల్లో నస్రీన్ మేడమ్, లిమ్. గోడ మీద పెద్ద తెర. తెర మీద నాలుగు పేజీలు పక్కపక్కన. నలుగురు పద్మజలు నాలుగు జలపాతాల ముందు నిలబడి నన్ను చూస్తున్నారు. అలా చూడటం నాకు ఇంట్లో అలవాటే, కానీ ఒకేసారి నలుగురు ఎప్పుడూ చూడలేదు.

"మీరు గూడ భర్తేనా?" అంది నస్రీన్ మేడమ్. చాలా మర్యాదగా అడిగింది.

"నేనే మేడమ్ అసలు భర్తని."

"అచ్ఛా. ఇద్దరు అట్లనే అన్నరు. ఒకాయన వదినె అన్నడు. ఒకాయన మరిదంట, స్టేషన్ కెల్లి తీస్కొస్తడంట. సింగపూర్‌కి ఇండియా నుంచి రైలు ఎప్పుడు పడ్డది మియా?"

లిమ్ ముందుకు వంగి, నా భుజాల వైపు వేలు చూపించాడు. "సేమ్ కోట్. సేమ్ టై. సేమ్ వైఫ్ ఆల్సో, ఆ?"

"ఇక్కడ ఇంటద్దెలు ఎక్కువని తెలుసు గానీ, గిన్ని పంచుకుంటరని నాకు తెల్వదు," అంది ఆవిడ.

"మేడమ్, ఆ ఫోటోలో భుజం మీద చెయ్యి నాది. గడియారం చూడండి," అని నా మణికట్టు ఎత్తి చూపించాను. సాక్ష్యం దొరికిందని ఒక క్షణం పొంగిపోయాను.

"ఆ గడియారం పొద్దుగాల నుంచి నాలుగుసార్లు చూసిన," అంది. "ప్రతి చేతికీ మంచిగనే ఉంది."

ప్రోగ్రామ్ సంగతి మొత్తం చెప్పాను. ఖాళీ గడి, నమూనా, విస్తరి, వడ్డన. ఆవిడ ఇంగ్లీషులోకి మార్చి లిమ్‌కి చెప్పింది. ఆయన విని, "టేబుల్ కెన్ చోప్. వైఫ్ కెనాట్ చోప్, లా," అన్నాడు. నా పాసు ముగిసేలోపు ఇంకో ఇంటర్వ్యూ లేదు. యూరియా వాసన తంజోంగ్ పగార్ దాకా వచ్చింది.

"ఒక పని చేద్దాం," అంది నస్రీన్ మేడమ్. "ఆమెనే అడుగుదాం. నంబరు చెప్పండి."

నంబరు మామగారి దుకాణానిది. స్పీకర్ ఫోన్ పెట్టారు. అదృష్టమో దురదృష్టమో పద్మజే ఎత్తింది.

"అమ్మా, సింగపూర్ నుంచి మాట్లాడుతున్న. మీ ఆయన పేరేంది?"

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందట. ఆ నిమిషంలో నా ఆయుష్షు పెరగడం నాకు అవసరం లేదు.

"ఆయన పేరు నేనెట్టా చెప్తానండీ?" అంది పద్మజ.

"చెప్పకుంటే ఆయనకు ఉద్యోగం రాదమ్మా."

"అయితే గుర్తు చెప్తాను, మీరు పోల్చుకోండి. మెడలో పామేసుకుంటాడే, ఆయన."

"వాట్ షీ సే?" అన్నాడు లిమ్.

"హర్ హస్బెండ్ ఈజ్ ద వన్ విత్ ఎ స్నేక్ అరౌండ్ హిజ్ నెక్," అంది నస్రీన్ మేడమ్.

లిమ్ నా ఎర్ర టై వైపు చూశాడు. "ఆల్ ఫోర్ ఆల్సో హావ్," అన్నాడు.

"శివుడి పేరమ్మా? సాంబశివరావా?" అంది ఆవిడ. పద్మజ నవ్వింది. "సరే గానీ, ఆ పేరు పేజీ మీద మాకు గూడ కనిపిస్తది. ఎవరైనా చెప్పొచ్చు. ఈయనే మీ ఆయనని మాకెట్ల తెల్వాలె?"

"ఈసారి ఏం చేశాడండీ?" అంది పద్మజ.

ఆ "ఈసారి"కి నస్రీన్ మేడమ్ కనుబొమ్మలు లేచాయి. జరిగింది చెప్పింది. స్నేహితులకు తన పేజీని నమూనాగా ఇచ్చి, మీ ఫోటో తీసేయడం మరిచాడని.

"అయితే ఆయనేనండీ, ఇంక అనుమానమే లేదు," అంది పద్మజ తాపీగా. "మా పెళ్లి కార్డులు కూడా అట్టాగే వేయించాడు. వాళ్ల స్నేహితుడి కార్డు తీసుకుని, పేర్లు మార్చాడు, ముహూర్తం మార్చాడు, కల్యాణ మండపం మార్చలేదు. మా వైపు వాళ్లు సగం మంది బాపట్లలో వేరే వాళ్ల పెళ్లికి పోయి భోజనం చేసి, కట్నం చదివించి వచ్చారు. మా మేనమామ ఈనాటికీ ఆ పెళ్లివాళ్ల లడ్డూయే బాగుందంటాడు. ఏవండీ, అక్కడున్నారా?"

"ఉన్నాను," అన్నాను దిండులో మునిగిపోతూ.

"నలుగురి పేజీల్లో పెట్టేవాళ్లు కాస్త మంచి ఫోటో పెట్టకూడదూ?" అని ఫోన్ పెట్టేసింది.

నస్రీన్ మేడమ్ కళ్లు తుడుచుకుని, లిమ్‌కి మొత్తం చెప్పింది. కార్డు, మండపం, లడ్డూ అన్నీ. లిమ్ నవ్వలేదు. లేచి తెర దగ్గరికి వెళ్లి, నాలుగు పేజీలనూ మార్చిమార్చి చూశాడు. నా వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. నలుగురివీ ఒక్క ప్రోగ్రామే చేసిందా? గడులు నింపితే చాలా? ఎంతసేపు పడుతుంది? నేను అన్నిటికీ తల ఊపాను. అప్పుడు తెలిసింది, ఆ కంపెనీ పెట్టబోయేది సరిగ్గా అదేనని. ఉద్యోగాలు వెతుక్కునేవాళ్లు తమ పేజీ తామే తయారు చేసుకునే వెబ్‌సైట్. దానికోసం వాళ్లు చాలా మందిని అడిగారట. అందరూ చేయగలమని కాగితం మీద రాశారట. చేసి చూపించింది మాత్రం నేనొక్కణ్నే, అది కూడా నా పెళ్లాంతో సహా.

"యూ కెన్ డూ ఫర్ థౌజండ్స్ పీపుల్?"

"కెన్," అన్నాను. వచ్చినప్పటి నుంచీ నేను నేర్చుకున్న మాట అదొక్కటే.

"ఓకే, కెన్. బట్ వైఫ్ డోంట్ గివ్ ఎవ్రీబడీ, ఆ."

ఇది నా ఉద్యోగంలో మొదటి షరతు. లోకంలో ఎవరి నియామకానికీ ఇలాంటి షరతు పెట్టి ఉండరని నా నమ్మకం. దొంగ చేతికి తాళం చెవి ఇచ్చినట్టు, ఖాళీ గడుల బాధ్యత మొత్తం నాకే అప్పగించారు. ఓబులేసుకి కూడా అక్కడే పని దొరికింది. తప్పులు పట్టే టెస్టింగ్ పనికి అబద్ధమాడలేనివాడు కావాలన్నాడు లిమ్. సత్తిబాబుని, యాదగిరిని వద్దన్నారు. ఒకడికి లేని భార్య, ఇంకొకడికి లేని మరిది ఉన్నారు, అంత ఊహాశక్తిని భరించలేమన్నారు. తర్వాత ఇద్దరికీ వేరేచోట్ల దొరికాయి, కాగితం రెజ్యూమేలతో.

పద్మజ వచ్చిన రోజు ఎయిర్‌పోర్టుకి నలుగురమూ వెళ్లాం. తను మమ్మల్ని వరసగా చూసి, "కోటు ఎవరి దగ్గరుంది?" అని అడిగి, కోటున్నవాణ్ని దాటుకుని, లేని ముగ్గురిలో ఒకడి చేతికి పెట్టె ఇచ్చింది. అది నేనే.

ఇంతటితో అయిపోతే నేను ఇంత రాసేవాణ్నే కాదు. ఆ జోరు తగ్గింది, మా కంపెనీ మూతపడింది, రంగుల దిండ్లను కూడా ఎవరో కొనుక్కుపోయారు. నేను వేరే ఉద్యోగంలో చేరాను. యాదగిరి పేజీ మాత్రం ఆ ఉచిత వెబ్‌సైట్‌లో అలాగే ఉండిపోయింది. దాని పాస్‌వర్డ్ నేను మరిచిపోయాను. యాదగిరికి ఎప్పుడూ తెలియదు.

కొంతకాలానికి వాడికి నల్గొండ సంబంధం కుదిరింది. పిల్ల అన్న బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగి. కాబోయే బావ పేరు ఇంటర్నెట్‌లో కొట్టి చూశాడు. పేరు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ కుర్రాడి ఆఫీసులో ఇంటర్నెట్ వేగం ఎక్కువ. అడుగుదాకా దిగింది.

యాదగిరి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నా పెండ్లి ఆగింది. ఎందుకంటే నాకు పెండ్లయింది."

పద్మజ పిల్ల తరఫు వాళ్లకు ఫోన్ చేసి, "అతను నా భర్త కాదండీ," అంది.

"మొగనితోని కొట్లాడిన పెండ్లాలందరు గదే మాటంటరమ్మా," అన్నాడు పిల్ల తండ్రి.

నేను ఫోన్ అందుకుని, "అసలు భర్తని నేనండీ," అన్నాను. ఆ మాటను నేను ఇదివరకు కూడా ఒక ఆఫీసులో చెప్పానని, అక్కడా ఎవరూ నమ్మలేదని గుర్తొచ్చింది.

చివరికి సెలవు పెట్టి, పెళ్లి ఆల్బమ్ చంకన పెట్టుకుని ఇద్దరమూ నల్గొండ వెళ్లాం. పిల్ల తండ్రి కళ్లద్దాలు పెట్టుకుని ఆల్బమ్ మొత్తం తిరగేశాడు. ప్రతి ఫోటోలోనూ నా కళ్లు మూసుకునే ఉన్నాయి. "ఈ మనిషి ఒక్క ఫొటోల గూడ కండ్లు తెరవలే," అన్నాడు.

"పెళ్లైనాక కూడా అంతేనండీ," అంది పద్మజ.

ఆయన నవ్వాడు. అబద్ధపు ఆల్బమ్ అయితే కనీసం ఒక్క ఫోటోలోనైనా కళ్లు తెరిచి ఉండేవాణ్నని ఆయనకు తోచిందట. పెళ్లి జరిగింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని నా ఎదురుగా కూర్చున్న శ్రావణి ఆ యాదగిరి కూతురే.

కథంతా విని ఆ పిల్ల, "సో ఈ-పోర్ట్‌ఫోలియో యూజ్‌ఫుల్ ఆర్ నాట్, అంకుల్?" అంది.

"చాలా ఉపయోగమమ్మా. కాగితం నువ్వు చెప్పమన్నదే చెబుతుంది. పేజీ నువ్వు ఎట్లాంటి మనిషివో కూడా చెప్పేస్తుంది. నాకు ఉద్యోగం వచ్చింది అందుకే, మీ నాన్నకు రానిదీ అందుకే."

"దెన్ యూ హెల్ప్ మీ డూ, కెన్?"

నేను నోరు తెరిచేలోపు మెట్ల మీద నుంచి యాదగిరి గొంతు వినిపించింది. వాడు పిల్లను వెతుక్కుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వద్దు బిడ్డా. నీకింక పెండ్లి గావాలె."

కాబట్టి యావన్మందికీ తెలియజేసుకునేదేమనగా, చీరాల సాంబశివరావు అనే నేను, ఇకమీదట ఏ ఖాళీ గడి ఎంత దీనంగా నా వైపు చూసినా, దాన్ని నా ఇంటి మనుషులతో నింపనని, ఎవరి విస్తరిలోనూ అడగని కూర వడ్డించనని, పైనుంచి అడుగుదాకా చూడకుండా ఏ పేజీనీ లోకం మీదికి వదలనని, పద్మజ ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం నా సొంతం. ఎవరి నమూనా చూసీ రాయలేదు. పద్మజ మాత్రం మొత్తం తను చదివాకే సంతకం పెట్టాలంది. అందుకని కింద సంతకం చోటు ప్రస్తుతానికి ఖాళీగా ఉంది. దయచేసి ఎవరూ నింపవద్దు.